కొలవవలసినదానిని నిర్వచించేది ఎవరు?
రాయలసీమ క్షేత్ర పరికరాలకు ఎస్.ఎన్.ఎం.పి. పద్ధతి నేర్పే పాఠం

కర్నూలు ఉమ్మడి జిల్లా వార్షిక సాధారణ వర్షపాతం సుమారు 670 మిల్లీమీటర్లు. కడప ఉమ్మడి జిల్లాది సుమారు 700 మిల్లీమీటర్లు. ఈ అంకెలను మాత్రమే చూసినవారికి పత్తికొండ ఎర్రనేలల్లో వేరుశనగ ఊడలు దిగే దశలో ఎందుకు వాడిపోతుందో బోధపడదు. కోయిలకుంట్ల నల్లరేగళ్లలో శనగ విత్తబోయే రైతు అక్టోబరులో దేనికోసం ఎదురుచూస్తాడో కూడా తెలియదు. ఏడాది వానలో అధిక భాగం కొద్ది దినాలలోనే కురిసి, నడుమ మూడు నాలుగు వారాల బెట్ట పడినప్పుడు కురిసిన మొత్తం పైరు గతిని చెప్పజాలదు. రైతు అడిగే ప్రశ్నలు మూడు: నేలలో పదును ఉన్నదా? బెట్ట పడి ఎన్ని దినాలైనది? బోరు ఎంతసేపు ఆగకుండా పారుతుంది?

రాష్ట్రంలో నేడు వెయ్యికి మించిన స్వయంచాలక వాతావరణ కేంద్రాలు, టెలిమెట్రీ అమర్చిన వందలాది పీజోమీటర్లు పనిచేస్తున్నాయి. ఇవి వర్షపాతం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, భూగర్భజల మట్టం పంపుతాయి. పై మూడు ప్రశ్నలలో ఒక్కదానికి కూడా వీటిలో నేరుగా జవాబు లేదు. లోపం పరికరాలది కాదు. ఏ రాశిని పరిశీలించాలో వ్యవసాయ శాస్త్రం నిర్వచించి ఇవ్వకపోవడం వలన, పరికరం తయారీదారు పట్టికలో ఏది ఉంటే అదే పరిశీలనాంశంగా స్థిరపడిపోయింది. కంప్యూటరు నెట్‌వర్కుల నిర్వహణ రంగం ఇటువంటి చిక్కునే మూడు దశాబ్దాల క్రితం ఎదుర్కొని, సొంత పరిశీలనాంశాలను నిర్వచించుకొనేందుకు ఒక క్రమపద్ధతిని ఏర్పరచుకొన్నది. ఆ పద్ధతిని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు స్వీకరించవలసిన సమయం వచ్చినదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

నెట్‌వర్క్ నిర్వహణలో నిర్వచన విధానం

సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్, అనగా ఎస్.ఎన్.ఎం.పి., 1988లో రూపొంది 1990లో ఆర్.ఎఫ్.సి. 1157గా స్థిరపడినది. దీనిలో పరిశీలింపబడే యంత్రంలో 'ఏజెంటు' అనే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. కేంద్రంలో 'మేనేజరు' ఉంటుంది. మేనేజరు ప్రశ్నిస్తే ఏజెంటు విలువను తెలుపుతుంది. అత్యవసరమైతే ఏజెంటే ముందుగా 'ట్రాప్' అనే హెచ్చరికను పంపుతుంది. అడగదగిన అంశాల జాబితాను మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ బేస్, క్లుప్తంగా 'మిబ్', అంటారు. 1991లో ప్రామాణికమైన మిబ్-2లో నెట్‌వర్క్ ద్వారాల స్థితి, వచ్చిపోయిన సమాచార పరిమాణం, యంత్రం ఎంతకాలంగా నడుస్తున్నది వంటి సర్వసాధారణ అంశాలు ఉన్నాయి.

సర్వసాధారణ జాబితా ఎవరి ప్రత్యేకావసరాన్నీ తీర్చలేదని ఈ పద్ధతి రూపకర్తలకు తొలినాళ్లలోనే తెలుసు. అందువలన ప్రతి అంశానికి చెట్టు కొమ్మల వలె విడివడుతూ పోయే సంఖ్యా చిరునామాను ఇచ్చి, 1.3.6.1.4.1 అనే కొమ్మను సంస్థల సొంత నిర్వచనాలకు వదిలిపెట్టారు. ఏ సంస్థ అయినా ఐ.ఎ.ఎన్.ఎ.కు దరఖాస్తు చేసి, రుసుము లేకుండానే, ఆ కొమ్మ కింద తనకంటూ ఒక సంఖ్యను పొందవచ్చును. ఆ సంఖ్య కింద ఏమి నిర్వచించుకోవాలో పూర్తిగా ఆ సంస్థ ఇష్టం. భూమి సర్వే నంబరు, దాని కింద సబ్ డివిజన్లు ఉన్నట్లే ఇదీ. ఒక్క భేదమున్నది: ఒకసారి ఒక అంశానికి ఇచ్చిన సంఖ్యను మరొక అంశానికి ఎన్నటికీ ఇవ్వరాదు. పాతబడిన నిర్వచనాన్ని 'కాలం చెల్లినది' అని గుర్తించి ఉంచవలసినదే గాని, చెరిపివేయకూడదు.

1999లో ఆర్.ఎఫ్.సి. 2578గా వెలువడిన రెండవ కూర్పు నియమాల ప్రకారం ప్రతి అంశానికీ దాని రకం, దానిని చదవడమేనా మార్చవచ్చునా అన్న అనుమతి, ప్రస్తుత స్థితి, వివరణ తప్పనిసరి. కొలమానాన్ని కూడా చేర్చవచ్చును. వివరణ లేని అంశం నిర్వచనమే కాదు. ప్రయోగక్షేత్రాల నుండి వచ్చే అనేక ఫైళ్లలో 'సెన్సర్ 3' అనే శీర్షిక కింద అంకెలు మాత్రమే ఉండడం, ఏ లోతులోని ఏ రాశియో తెలిసిన వ్యక్తి బదిలీపై వెళ్లగానే ఆ అంకెలు నిరర్థకం కావడం శాస్త్రవేత్తలకు కొత్తవి కావు. ఈ ఒక్క నియమమే ఎన్నో ఏళ్ల పరిశ్రమను కాపాడగలదు.

శూన్యమూ సమాచారలేమీ ఒకటి కావు

క్షేత్ర పరికరాలలో అతి ప్రమాదకరమైన అంకె సున్న. వర్షమాపకం గరాటులో సాలీడు గూడు కట్టినా, ఎండుటాకు అడ్డుపడినా, తీగ తెగినా, నిజంగా వాన కురియకపోయినా కేంద్రానికి చేరేది సున్నయే. కరవు మండలాల గుర్తింపుకు, వాతావరణ ఆధారిత పంటల బీమా పరిహారానికి వర్షపాత లెక్కలే ఆధారమైనప్పుడు ఈ సున్న ఊరి మొత్తానికి సంబంధించిన విషయమవుతుంది. వాన కురిసిన చోట సున్న నమోదైతే లేని కరవు కనిపిస్తుంది. అనుమానంతో ఆ సున్నను తొలగించి పొరుగు కేంద్రపు అంకెను వేస్తే, వాన పడని మండలానికి పక్క మండలపు వాన లెక్క కట్టబడుతుంది. రెండు విధాలా నష్టపోయేది రైతే, లేదా రైతుకు పథకంపై ఉన్న నమ్మకమే.

1906 నుండి సేవలందిస్తున్న నంద్యాల పరిశోధనా స్థానం వంటి చోట్ల ప్రతి ఉదయం 8.30 గంటలకు వర్షమాపకాన్ని చదివే పరిశీలకుడికి రిజిస్టరులో 'రిమార్కులు' అనే గడి ఉంటుంది. మాపకం ఒరిగినదనో, గరాటు మూసుకొన్నదనో అతడు రాయగలడు. స్వయంచాలక కేంద్రాలు వచ్చిన తరువాత అంకె మిగిలి, రిమార్కుల గడి మాయమైనది. ఆ గడిని మళ్లీ తెచ్చుకొనే మార్గమే ప్రత్యేక అంశాల నిర్వచనం.

ఎస్.ఎన్.ఎం.పి. రెండవ కూర్పులో ఏజెంటు వద్ద లేని అంశాన్ని అడిగితే సున్న రాదు. 'అట్టిది లేదు' అనే ప్రత్యేక సమాధానం వస్తుంది. దీనికి తోడు ప్రతి కొలతకూ మూడు సహాయక అంశాలను నిర్వచించుకోవాలి. మొదటిది కొలత స్థితి: సరియైనది, పాతబడినది, సెన్సర్ లోపం, నిర్వహణలో ఉన్నది అనే నాలుగింటిలో ఒకటి. రెండవది చివరి కొలత తీసి ఎన్ని సెకన్లయినది. మూడవది బ్యాటరీ వోల్టేజి. వర్షపాతం సున్న, స్థితి సరియైనది, కొలత వయసు 600 సెకన్లు అని వస్తే అది బెట్ట. వర్షపాతం సున్న, కొలత వయసు రెండు దినాలు అని వస్తే అది మరమ్మతు పని. ఈ రెంటిని వేరు చేయలేని లెక్కను కరవు నిర్ణయానికి వాడడం శాస్త్రసమ్మతం కాదు.

లెక్కింపు రకాన్ని ఎన్నుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. తూగుబకెట్టు వర్షమాపకం ప్రతి 0.2 లేదా 0.5 మిల్లీమీటరుకు ఒకసారి తూగుతుంది. ఆ తూగుల మొత్తాన్ని ఎన్నడూ తగ్గని 'కౌంటరు'గా నిర్వచిస్తే, ఒకటి రెండు సందేశాలు దారిలో పోయినా తరువాతి సందేశంతో మొత్తం సరిపోతుంది. గంట గంటకూ కురిసిన వానను విడిగా పంపితే, పోయిన గంట వాన శాశ్వతంగా పోయినట్లే. గాలివానకు కరెంటు, దాని వెంట సెల్ టవరు ఆగిపోయే రాత్రులలోనే పెద్ద వర్షం నమోదు కావలసి ఉంటుంది గనుక ఈ భేదం చిన్నది కాదు. అయితే యంత్రం ఆగి మళ్లీ మొదలైనప్పుడు కౌంటరు సున్నకు రావచ్చును. అందుచేత నడుస్తున్న కాలాన్ని కూడా కలిపి చదవాలి. ఆ కాలగణన సెకనులో నూరవ వంతులలో సాగి, దాదాపు 497 దినాలకు తిరిగి సున్నకు వస్తుందన్న సంగతిని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

పదునుకు నిర్వచనం

నేల తేమ సెన్సరు ఘనపరిమాణ శాతాన్ని చూపుతుంది. ఆ శాతం దానంతటదే పదును కాదు. ఉదాహరణకు ఒక నల్లరేగడిలో క్షేత్ర సామర్థ్యం 40 శాతం, వాడు స్థాయి 25 శాతం అనుకొందాం. ఒక ఎర్ర గరపనేలలో అవి వరుసగా 18, 8 శాతం అనుకొందాం. సెన్సరు 25 అని చూపినప్పుడు మొదటి నేలలో పైరుకు అందే నీరు ఏమీ లేదు. రెండవ నేల పట్టగలిగినదానికి మించి తడిసి ఉన్నది. కర్నూలు జిల్లాలో ఒకే మండలంలో ఈ రెండు నేలలూ పక్కపక్కన కనిపించే చోట్లు ఎన్నో ఉన్నాయి. ముడి శాతాన్ని మండల సగటుగా ప్రకటించడం వలన ప్రయోజనం లేకపోగా హాని ఉన్నది.

కనుక నిర్వచించవలసిన అంశం 'లభ్య తేమ శాతం'. ప్రస్తుత తేమ నుండి వాడు స్థాయిని తీసివేసి, దానిని క్షేత్ర సామర్థ్యానికీ వాడు స్థాయికీ గల భేదంతో భాగించి, నూటితో గుణించగా వచ్చేది. ఈ లెక్కకు కావలసిన రెండు స్థిరాంకాలను కూడా ఆ నేలకు సంబంధించిన అంశాలుగా అదే పట్టికలో ఉంచాలి. అప్పుడు ఏ ఆధారంతో శాతం కట్టారో ఎవరైనా సరిచూడగలరు. 15, 30, 60 సెంటీమీటర్ల లోతులను పట్టికకు సూచికలుగా చేస్తే ఒకే నిర్వచనం అన్ని లోతులకూ సరిపోతుంది. ప్రామాణిక రకాలలో దశాంశ సంఖ్యలు లేవు, 23.4 శాతాన్ని 234గా పంపి, కొలమానం వద్ద 'శాతంలో పదవ వంతు' అని రాయాలి. ఈ ఒక్క మాట మరచితే 23.4 శాతం తేమ 234 శాతంగా పట్టికలకెక్కుతుంది.

బెట్టకూ ఇదే విధమైన స్పష్టత అవసరం. భారత వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు కురిసిన దినం వర్షపు దినం. కేంద్ర ప్రభుత్వ 2016 కరవు నిర్వహణ మాన్యువల్‌లో బెట్టకు ప్రమాణం వారాలలో, సాధారణ వర్షపాతంలో సగానికి లోపు ఉన్నదా లేదా అన్నదానిపై ఉన్నది. రైతు లెక్కలో బెట్ట వీడేది పదును అయ్యేంత వాన కురిసినప్పుడే. ఆగస్టులో నాలుగు మిల్లీమీటర్ల జల్లు మొదటి లెక్కలో వర్షపు దినమవుతుంది. రేగడి నెర్రెలకు మాత్రం అది చాలదు. ఈ మూడింటిలో ఏది తప్పు అనే వాదం అనవసరం. మూడింటికి మూడు వేర్వేరు అంశాలు, మూడు వేర్వేరు వివరణలు ఉండాలి. ఒకే పేరుతో మూడింటినీ పిలవడమే గ్రామసభలలో అధికారికీ రైతుకూ మధ్య తగవుకు మూలం.

బోరు 'అంగుళాలు'

రాయలసీమలో బోరు నీటిని అంగుళాలలో చెబుతారు. ఒకరి నోట అది గొట్టం నిండిన మేరను సూచిస్తుంది. బోరు వేసేవారి నోట 'వి' గాటు పలకపై నీటి ఎత్తును సూచిస్తుంది. 90 డిగ్రీల 'వి' గాటులో రెండంగుళాల ఎత్తు గంటకు సుమారు 2,900 లీటర్లకు సమానం. ఎత్తు రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు. అయిదున్నర రెట్లకు మించుతుంది. నాలుగంగుళాల బోరు రెండంగుళాలకు పడిపోయినదని రైతు చెప్పినప్పుడు, నీరు సగమైనదని విని సలహా ఇచ్చే విస్తరణాధికారి పొరబడుతున్నాడు; ఆరింట అయిదు వంతుల నీరు తరిగిపోయినది. చీనీ తోట ఉంచుకోవాలా, కొట్టివేయాలా అనే నిర్ణయం ఈ అవగాహనపై ఆధారపడి ఉంటుంది.

ఏది కొలవాలో రైతులతో కలిసి నిర్ణయించిన అనుభవం ఈ ప్రాంతానికి లేకపోలేదు. ఎ.పి.ఎఫ్.ఎ.ఎం.జి.ఎస్. అనే పేరుతో పరిచితమైన రైతు నిర్వహణ భూగర్భజల వ్యవస్థల పథకం 2000 దశకంలో ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో కర్నూలు, కడపలతో సహా ఉమ్మడి రాష్ట్రంలోని 7 జిల్లాలలో నడిచినది. రైతులే బోర్లలో నీటి మట్టాన్ని, డ్రమ్ము, స్టాప్‌వాచీల సాయంతో నీటి ప్రవాహాన్ని కొలిచి, ఊరి గోడలపై రాసి, రబీకి ముందు పంటల నీటి బడ్జెట్టు వేసుకొన్నారు. అక్కడ కొలతకు విలువ వచ్చినది పరికరం వలన కాదు. కొలిచే అంశం రబీలో ఏ పంట వేయాలనే ప్రశ్నకు నేరుగా ముడిపడి ఉండడం వలన. నేటి టెలిమెట్రీ ఆ అనుభవాన్ని మరువరాదు. మోటారు ఆగకుండా నడిచిన నిమిషాలు, ఆగిన తరువాత నీటి మట్టం కోలుకోవడానికి పట్టిన నిమిషాలు, గంటకు లీటర్లలో ప్రవాహం అనే మూడు అంశాలను నిర్వచిస్తే, పీజోమీటరు మట్టం ఒక్కటే చెప్పలేని సంగతి తెలుస్తుంది.

ప్రశ్నించే వ్యవధి, హెచ్చరిక పరిమితులు

ఎంత తరచుగా ప్రశ్నించాలనేది పంట శాస్త్రం చెప్పవలసిన విషయం. భూగర్భజల మట్టానికి ఆరు గంటలకొకసారి చాలు. నిమిషానికొకసారి అడిగితే బ్యాటరీ తరుగుతుందే గాని జ్ఞానం పెరగదు. వర్షానికి 15 నిమిషాలు, 30 సెంటీమీటర్ల లోతు తేమకు గంట సముచితం.

హెచ్చరికకు ఒకే పరిమితి పెడితే విలువ ఆ గీతకు అటూ ఇటూ ఊగిన ప్రతిసారీ సందేశం వస్తుంది. పది సందేశాల తరువాత పదకొండవదానిని ఎవరూ చదవరు. నెట్‌వర్క్ నిర్వహణలో పడే పరిమితి, లేచే పరిమితి అని రెండింటిని ఉంచడం రివాజు. లభ్య తేమ 40 శాతానికి పడినప్పుడు ఒక హెచ్చరిక వెళ్లి, తేమ మళ్లీ 60 దాటేవరకు రెండవది వెళ్లకుండా ఆపవచ్చును. ఈ అంకెలు పంటకూ దశకూ తగినట్లు మారాలి; వేరుశనగ పూత దశకు తగిన పరిమితి కొర్రకు తగదు. ట్రాప్‌కు రసీదు ఉండదని, రెండవ కూర్పులోని 'ఇన్ఫార్మ్' సందేశానికి రసీదు ఉంటుందని గమనించి, వరద వంటి అత్యవసర అంశాలకు రెండవదానినే వాడాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరదలను, 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య జలాశయం కట్ట తెగడాన్ని చూసిన ప్రాంతంలో, పంపిన సందేశం చేరినదా లేదా అన్నది సాంకేతిక వివరం మాత్రమే కాదు.

అభ్యంతరాలు

ఎస్.ఎన్.ఎం.పి. పాతబడినదనీ, క్షేత్ర లాగర్లు నేడు వేరే పద్ధతులలో సమాచారం పంపుతున్నాయనీ అనవచ్చును. ఇది నిజమే. సెల్ నెట్‌వర్కుపై ఉన్న లాగరును బయటినుండి ప్రశ్నించడం సాధారణంగా సాధ్యపడదు కూడా. అందుచేత ప్రతి లాగరులో ఏజెంటు ఉండాలన్న పట్టుదల అక్కరలేదు. పరిశోధనా స్థానంలోని ఒక చిన్న కంప్యూటరు లాగర్ల సమాచారాన్ని స్వీకరించి, వాటి తరఫున ఏజెంటుగా జవాబు చెప్పవచ్చును. ఉచితంగా లభించే నెట్-ఎస్.ఎన్.ఎం.పి. సాఫ్ట్‌వేరులో సొంత స్క్రిప్టు ఫలితాన్ని ఒక అంశంగా చేర్చే సౌకర్యం ఉన్నది; స్నాతకోత్తర విద్యార్థి కొద్ది దినాలలో నేర్వగలడు. రేపు మరొక ప్రోటోకాల్ వచ్చినా నిర్వచన గ్రంథం నిలిచి ఉంటుంది. మారేది రవాణా మార్గం మాత్రమే.

భద్రత విషయంలో అభ్యంతరం మరింత బరువైనది. మొదటి, రెండవ కూర్పులలో సంకేతపదం బహిరంగంగానే ప్రయాణిస్తుంది. 2002లో ప్రామాణికమైన మూడవ కూర్పులో గుర్తింపు, గోప్యత రెండూ ఉన్నాయి, దానినే వాడాలి. పరిశీలనాంశాలన్నీ చదవడానికి మాత్రమే అనుమతించాలి. సెల్‌ఫోనుతో మోటారు వేసే స్టార్టర్లు వాడుకలో ఉన్న పల్లెలలో, దూరం నుండి మార్చగలిగే అంశాన్ని నిర్వచించడమంటే మరొకరి బోరు తాళం చెవిని దారిలో పెట్టినట్లే.

ఇది కంప్యూటరు నిపుణుల పని, వ్యవసాయ శాస్త్రవేత్తలది కాదు అనే అభ్యంతరం అన్నిటికంటె బలహీనమైనది. కౌంటరు రాయడం నిపుణుని పని. ఏ లోతులో, ఏ నేలలో, ఏ దశలో ఎంత తేమను పదును అనాలో అతడు చెప్పలేడు. శాస్త్రవేత్త చెప్పకపోతే అతడు తనకు తోచినది రాస్తాడు. ఆ తోచినదే తరువాత శాస్త్రంగా చెలామణి అవుతుంది.

సూచనలు

1. విశ్వవిద్యాలయం ఐ.ఎ.ఎన్.ఎ. నుండి సంస్థా సంఖ్యను పొంది, దాని కింద వర్షం, నేల తేమ, భూగర్భజలం, కేంద్ర ఆరోగ్యం అనే నాలుగు శాఖలను ఏర్పరచాలి. సంఖ్యల కేటాయింపు ఒకే ఒక విభాగం చేతిలో ఉండాలి.

2. కేంద్రం సూచికను జిల్లా, మండల సంఖ్యలతో కట్టరాదు. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుండి నంద్యాల, కడప నుండి అన్నమయ్య జిల్లాలు ఏర్పడినప్పుడు పాత సంకేతాలపై కట్టిన పట్టికలన్నిటికీ అర్థం మారినది. పాలనా సరిహద్దు మారినా మారని సంఖ్య ప్రతి కేంద్రానికీ ఉండాలి.

3. వివరణలు ప్రామాణిక ఫైలులో రోమను లిపిలోనే ఉండక తప్పదు. వాటికి సమానమైన తెలుగు వివరణ గ్రంథాన్ని విధిగా ప్రచురించాలి. కేంద్రం పేరు, రైతుకు చేరే సందేశం వంటి పాఠ్య విలువలను యూనికోడ్ అనుమతించే రకంతో నిర్వచిస్తే తెలుగులోనే పంపవచ్చును.

4. నంద్యాల, ఊటుకూరు పరిశోధనా స్థానాలలో రెండు పంటకాలాలు ప్రయోగాత్మకంగా అమలుచేసి, ఉదయం 8.30 గంటల చేతి కొలతలతో సరిపోల్చిన తరువాతనే విస్తరించాలి.

5. ప్రతి అంశాన్ని నిర్వచించే ముందు, 'ఈ విలువ మారితే రైతు ఏ పనిని మార్చుకొంటాడు?' అన్న ప్రశ్నకు విస్తరణ శాస్త్రవేత్త లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. జవాబు లేని అంశాన్ని జాబితాలో చేర్చరాదు.

6. స్నాతకోత్తర పాఠ్యక్రమంలో పరిశీలనాంశ నిర్వచనాన్ని ఒక అభ్యాసంగా చేర్చాలి. ప్రయోగ ఫలితాలతో పాటు, ఆ ఫలితాలకు ఆధారమైన ప్రతి అంకె నిర్వచనాన్నీ విద్యార్థి సిద్ధాంత గ్రంథానికి అనుబంధంగా సమర్పించాలి.

పై సూచనలలో అధిక వ్యయం గల అంశం ఒక్కటీ లేదు. కావలసినది శాస్త్రవేత్తల కాలం, ఒక అంగీకారం. పదును, బెట్ట, అంగుళం అనే మాటలతో రాయలసీమ రైతు తన వనరులను ఎన్నడో నిర్వచించుకొన్నాడు. ఆ మాటలకు కొలమానం, లోతు, వ్యవధి, స్థితి అనే నాలుగు గడులు చేర్చి యంత్రానికి అర్థమయ్యే రీతిలో రాయడం వ్యవసాయ శాస్త్రవేత్తల బాధ్యత. ఆ పని జరిగేవరకు కేంద్రానికి చేరే ప్రతి సున్న వానలేమిని చెబుతున్నదో, యంత్రలోపాన్ని చెబుతున్నదో తేలదు. దానిపై ఆధారపడి చేసే ప్రతి కరవు నిర్ణయమూ సందేహాస్పదంగానే మిగులుతుంది.